పన్నుకు ముందు ప్రజల మాట: లాస్ ఏంజెలెస్ నుంచి కొలరాడో స్ప్రింగ్స్ దాకా

ప్రభుత్వం ఎంత పన్ను వేయవచ్చు, ఎంత ఖర్చు పెట్టవచ్చు అన్నదానికి హద్దు గీయాలంటూ సామాన్య గృహస్థులు సాగించిన ఉద్యమాల్లో ఎక్కువ పేరుపడ్డది 1978లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగింది. ఆ ఉద్యమం నడిచిన చోట్లను చూడాలంటే లాస్ ఏంజెలెస్ నగరపు ఉత్తర భాగం, శాన్ ఫెర్నాండో లోయ నుంచి బయల్దేరాలి. అక్కడి నుంచి దారి రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు వెళ్తుంది. ఆపైన సియెరా నెవాడా, రాకీ పర్వతాలు దాటి కొలరాడో రాజధాని డెన్వర్‌కు చేరుతుంది. చివరి మజిలీ పైక్స్ పీక్ శిఖరం పాదాన ఉన్న కొలరాడో స్ప్రింగ్స్. ఈ దారిలో కోటలూ గోపురాలూ ఉండవు. ఇంటి పన్ను బిల్లులు, బ్యాలెట్ పత్రాలు, వీధి దీపాలు, రోడ్ల మీద గుంతలు, వీటిలోనే ఇక్కడి చరిత్రను చదువుకోవాలి.

కొండల మీది ముల్‌హాలండ్ డ్రైవ్ నుంచి ఉత్తరానికి చూస్తే లోయ నిండా ఇళ్ల పైకప్పులే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడ నారింజ, వాల్‌నట్ తోటలుండేవి. యుద్ధం ముగిశాక సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు, విమాన కర్మాగారాల్లో పనిచేసేవాళ్లు వాన్ నైస్, షెర్మన్ ఓక్స్, నార్త్‌రిడ్జ్ లాంటి పేటల్లో ఇళ్లు కొనుక్కున్నారు. ఒక్క అంతస్తు ఇల్లు, ముందు పచ్చిక, పక్కన కారు షెడ్డు, ముప్పై ఏళ్ల వాయిదాల అప్పు. 1970ల నడిమికి ఆ తరం ఉద్యోగాల నుంచి దిగిపోతోంది. అప్పు తీరింది, రాబడి పింఛనుకు తగ్గింది. సరిగ్గా అప్పుడే ఇళ్ల ధరలు కొన్నేళ్లలోనే రెట్టింపయ్యాయి. అమ్ముకునే ఉద్దేశం లేనివాడికి ఇంటి ధర పెరగడం కాగితం మీది కలిమి మాత్రమే. పన్ను మాత్రం చేతి సొమ్ములోంచి కట్టాలి.

పన్ను అంతగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కాలిఫోర్నియాలో ఆస్తి విలువ లెక్కగట్టే పని కౌంటీ అసెసర్‌ది. ఆయన ఎన్నికైన అధికారి. చాలాకాలం ఈ అసెసర్లు ఓటర్ల ఇళ్లకు తక్కువ విలువ, వ్యాపార సంస్థల ఆస్తులకు ఎక్కువ విలువ కట్టేవారు. చట్టంలో లేకపోయినా అది వాడుకగా నడిచిపోయింది. 1965లో శాన్ ఫ్రాన్సిస్కో అసెసర్ రస్సెల్ వోల్డెన్ లంచాల వ్యవహారం బయటపడింది. వ్యాపారుల దగ్గర సొమ్ము తీసుకుని వాళ్ల విలువలు తగ్గించాడని తేలింది. దాంతో శాసనసభ 1966లో ఒక చట్టం చేసింది. ఇల్లయినా దుకాణమైనా ప్రతి ఆస్తికీ మార్కెట్ ధరలో 25 శాతాన్నే విలువగా కట్టాలంది. న్యాయమైన చట్టమే. కానీ ఇన్నాళ్లూ గృహస్థును కాపాడిన ఆ చాటు వాడుక దీంతో పోయింది. పైగా పునర్మదింపు కొన్నేళ్లకోసారి జరిగేది కాబట్టి పెరుగుదలంతా ఒక్క బిల్లులోనే వచ్చి పడేది.

ఇంకోవైపు రాష్ట్ర ఖజానాలో దాదాపు 500 కోట్ల డాలర్ల మిగులు పోగైంది. శాక్రమెంటోలో శాసనసభ ఉపశమనం గురించి సమావేశాల మీద సమావేశాలు జరిపి కూడా ఏదీ తేల్చలేకపోయింది. ఖజానాలో సొమ్ము మూలుగుతుంటే ముసలివాళ్లు ఇల్లు నిలబెట్టుకోలేకపోవడమేమిటన్నది లోయ ప్రజల ప్రశ్న. దానికి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. పన్ను ఎక్కువని పుట్టిన కోపం కన్నా, అడిగినా పలికేవారు లేరని పుట్టిన కోపమే పెద్దది.

ఆ కోపానికి గొంతునిచ్చినవాడు హోవర్డ్ జార్విస్. 1903లో యూటా రాష్ట్రపు గని పట్నం మెర్కర్‌లో పుట్టాడు. ఆ రాష్ట్రంలోనే చిన్న పత్రికలు నడిపి, తర్వాత లాస్ ఏంజెలెస్ చేరి వ్యాపారాలు చేసి విశ్రాంతి తీసుకున్నాడు. 1960ల నుంచీ ఆస్తి పన్నుకు వ్యతిరేకంగా పిటిషన్ల మీద పిటిషన్లు తిప్పినా సంతకాలు చాలక ఓడిపోతూ వచ్చాడు. సెనేట్‌కూ, మేయర్ పదవికీ పోటీచేసి ఓడాడు. అపార్ట్‌మెంట్ యజమానుల సంఘానికి పనిచేసేవాడు కాబట్టి అద్దె ఇళ్ల యజమానుల మనిషి అన్న విమర్శ ఎప్పుడూ వెన్నాడేది. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. అయితే ఉద్యమాన్ని మోసినవాళ్లు మాత్రం అద్దె ఇళ్ల యజమానులు కారు. ఒక్క ఇల్లే ఆస్తిగా ఉన్నవాళ్లు. సూపర్ మార్కెట్ల ముందు మడత బల్లలు వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు తమ పన్ను బిల్లులే చూపించి సంతకాలు పెట్టించారు. శాక్రమెంటో ప్రాంతపు పాల్ గాన్ ఉత్తరాన అదే పని చేస్తుండగా ఇద్దరూ చేతులు కలిపారు. కావలసింది 5 లక్షల సంతకాలు, వచ్చినవి 12 లక్షలకు పైగా.

సంతకాలతో చట్టం తెచ్చే హక్కు కాలిఫోర్నియా ప్రజలకు 1911 నుంచి ఉంది. రైల్వే కంపెనీల గుప్పిట్లో చిక్కిన శాసనసభ మీద ప్రజలకు పట్టు ఉండాలని గవర్నర్ హైరమ్ జాన్సన్ కాలంలో వచ్చిన సవరణ అది. దాని సాయంతోనే 13వ ప్రతిపాదన 1978 జూన్ 6 నాటి బ్యాలెట్‌లోకి ఎక్కింది. సారాంశం చిన్నదే. ఆస్తి పన్ను ఆ ఆస్తి పూర్తి విలువలో 1 శాతం దాటకూడదు. విలువను 1975–76 నాటి లెక్కకు తీసుకెళ్లాలి. ఏటా 2 శాతానికి మించి పెంచకూడదు. ఇల్లు చేతులు మారినప్పుడో, కొత్తగా కట్టినప్పుడో మాత్రమే మార్కెట్ ధరను లెక్కలోకి తీసుకోవాలి. రాష్ట్రం కొత్త పన్ను వేయాలంటే ఉభయసభల్లో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి.

గవర్నర్ జెర్రీ బ్రౌన్, ఉపాధ్యాయ సంఘాలు, పత్రికలు, పెద్ద బ్యాంకులు, కంపెనీలు చాలావరకు వద్దన్నాయి. బడులు మూతపడతాయని, అగ్నిమాపక దళాలు ఉండవని హెచ్చరించాయి. పోలింగ్‌కు కొద్ది వారాల ముందు లాస్ ఏంజెలెస్ కౌంటీ అసెసర్ కార్యాలయం కొత్త మదింపులను బయటపెట్టింది. చాలా ఇళ్ల విలువ ఒక్కసారిగా రెట్టింపైంది. ఆ అంకెలు చూశాక ఏ హెచ్చరికా ఎక్కలేదు. దాదాపు 65 శాతం ఓట్లతో ప్రతిపాదన నెగ్గింది. అది రాష్ట్ర రాజ్యాంగంలో భాగం కావడం వల్ల శాసనసభ తనంత తాను దాన్ని తొలగించలేదు.

ఆస్తి పన్ను రాబడి ఒక్క ఏడాదిలో సగానికి పైగా తగ్గిపోయింది. ఆ వేసవిలో వేసవి బడులు రద్దయ్యాయి. గ్రంథాలయాల వేళలు కుదించారు. హెచ్చరించినంత విపత్తు మాత్రం రాలేదు, ఎందుకంటే ఖజానాలోని మిగులును రాష్ట్రం కౌంటీలకూ బడులకూ పంచింది. కానీ దీనికి చెల్లించిన మూల్యాన్ని ఉద్యమకారులు ముందుగా అంచనా వేయలేదు. అంతకుముందు ఊరి బడికి ఎంత ఖర్చు పెట్టాలో ఊళ్లో ఎన్నికైన బోర్డు తేల్చేది. సొమ్ము శాక్రమెంటో నుంచి రావడం మొదలయ్యాక నిర్ణయం కూడా శాక్రమెంటోకే చేరింది. ప్రభుత్వాన్ని చిన్నది చేయాలని పుట్టిన ఉద్యమం పైస్థాయి ప్రభుత్వానికి బలం పెంచి, ఇంటికి దగ్గరగా ఉన్న ప్రభుత్వాన్ని బలహీనం చేసింది. ఈ లోపాన్ని ఒప్పుకోకుండా 13వ ప్రతిపాదనను పొగడటం సరికాదు.

రెండో లోపం లోయలో ఏ వీధిలో నడిచినా ఎదురవుతుంది, పైకి కనపడదంతే. పక్కపక్కనే ఒకేలా ఉన్న రెండు ఇళ్లను అనుకుందాం. ఒకటి 1980లో లక్ష డాలర్లకు కొన్నది. ఏటా 2 శాతం చొప్పున పెంచినా నలభై ఏళ్లకు దాని పన్ను విలువ 2 లక్షల 21 వేలు దాటదు. పక్కది 2020లో 15 లక్షలకు కొన్నది. మొదటివారి మూల పన్ను ఏడాదికి 2,200 డాలర్ల చిల్లర, రెండోవారిది 15,000. పిల్లలు ఒకే బడికి వెళ్తారు, చెత్త ఒకే బండిలోకి వెళ్తుంది. పెట్టుబడిదారు వారెన్ బఫెట్ 2003లో తన సొంత బిల్లులనే ఉదాహరణగా చూపించాడు. ఒమాహాలో సుమారు 5 లక్షల డాలర్ల ఇంటికి 14,401 డాలర్లు, కాలిఫోర్నియా సముద్రతీరంలో దాదాపు 40 లక్షల డాలర్ల ఇంటికి 2,264 డాలర్లు. లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు కొన్న ఒకామె పొరుగువారి కంటే తనకు దాదాపు 5 రెట్ల పన్ను పడుతోందని కోర్టుకెక్కింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో కోర్టు 8–1 తేడాతో ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇన్నాళ్లుగా ఉంటున్న ఇంటిని పన్ను వల్ల పోగొట్టుకోకుండా చూడటం రాష్ట్రానికి తగిన ఉద్దేశమేనంది.

ఈ తేడా భారం మోస్తున్నవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఫ్రీమాంట్, శాన్ హోసే, డబ్లిన్ లాంటి ఊళ్లలో ఈ మధ్య ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలు ఏటా కట్టే ఆస్తి పన్ను అదే వీధిలో 1980ల నుంచి ఉంటున్నవాళ్లు కట్టేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అదే నియమం కొన్న రోజు నుంచి వాళ్లనూ కాపాడుతుంది. ధర ఎంత పెరిగినా పన్ను విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదన్న భరోసా ఉంటుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు కూడా కొన్నాళ్లకు దాన్ని కదపవద్దంటారు. దుకాణాలు, కార్యాలయ భవనాలకు మాత్రం మార్కెట్ ధర ప్రకారం పన్ను వేద్దామన్న ప్రతిపాదన 2020లో 52 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడిపోయింది.

లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్ నుంచి ఉదయం బయల్దేరే కోస్ట్ స్టార్‌లైట్ రైలు పగలంతా పసిఫిక్ తీరాన్నీ, కొండ మలుపులనూ చూపించి అర్ధరాత్రి వేళకు శాక్రమెంటో చేరుస్తుంది. తెల్లటి గుమ్మటంతో ఉన్న శాసనసభ భవనం స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. 13వ ప్రతిపాదనను ఓడించమని ప్రచారం చేసిన బ్రౌన్, ఫలితం వచ్చాక దాన్ని అమలు చేసే పనిని ఇక్కడే తన భుజాన వేసుకున్నాడు. అంత వేగంగా మనసు మార్చుకున్నాడని విమర్శించినవాళ్లున్నారు. కానీ ప్రజలు తీర్పు చెప్పాక దాన్ని తలదాల్చడం ఎన్నికైనవాడి ధర్మం.

ఇక్కడ తలుచుకోవలసిన మనిషి జార్విస్ కంటే పాల్ గాన్. పన్నుకు హద్దు పెట్టి ఖర్చును వదిలేస్తే పని సగమేనని ఆయన గ్రహించాడు. 1979 నవంబరులో ఆయన తెచ్చిన 4వ ప్రతిపాదనకు 74 శాతం ఓట్లు పడ్డాయి. జనాభా, ధరల పెరుగుదలను మించి రాష్ట్ర ఖర్చు పెరగకూడదన్నది దాని సూత్రం. 1987లో ఆ హద్దు దాటి వచ్చిన 110 కోట్ల డాలర్లను రాష్ట్రం పన్ను కట్టినవాళ్లకు తిరిగిచ్చింది. తర్వాతి ప్రతిపాదనలు ఆ హద్దును బాగా సడలించాయి. గుండె శస్త్రచికిత్సలో ఎక్కించిన రక్తం వల్ల ఎయిడ్స్ సోకి గాన్ 1989లో చనిపోయాడు. రక్తం ఎక్కించే ముందు రోగికి ఉన్న మార్గాలన్నీ చెప్పాలన్న రాష్ట్ర చట్టం ఆయన పేరు మీదే ఉంది.

1980లో జార్విస్ రాష్ట్ర ఆదాయపు పన్నును సగానికి తగ్గించమంటూ మళ్లీ బ్యాలెట్‌కు వచ్చాడు. ఈసారి 61 శాతం మంది కాదన్నారు. రెండేళ్ల కిందట ఆయన్ను భుజాన మోసిన ఓటర్లే వీళ్లు. జనం ప్రభుత్వాన్నే వద్దనుకుంటున్నారని 1978 ఫలితాన్ని చదివినవాళ్లు దాన్ని తప్పుగా చదివారు. వాళ్లు వద్దన్నది తమ చేతిలో లేని బిల్లును. అదే ఏడాది నవంబరులో మసాచుసెట్స్‌లో బార్బరా ఆండర్సన్ నాయకత్వంలోని పన్ను చెల్లింపుదార్లు తమ రాష్ట్రంలోనూ ఆస్తి పన్నుకు రెండున్నర శాతం హద్దు తెచ్చుకున్నారు. దాంట్లో ఒక కిటికీ ఉంచారు. ఊరి ఓటర్లు కావాలనుకుంటే ఓటు వేసి ఆ హద్దును దాటవచ్చు. కాలిఫోర్నియా కంటే ఇది మెరుగైన ఆలోచన.

శాక్రమెంటోలో పొద్దున బయల్దేరే కాలిఫోర్నియా జెఫిర్ మర్నాడు సాయంత్రానికి డెన్వర్ చేరుతుంది. డోనర్ కనుమ దగ్గర రైలు ఎక్కే సియెరా నెవాడా వాలు మీద పట్టాలు వేసినవాళ్లు 1860ల నాటి చైనా కూలీలు. ఆ పనికి సమాఖ్య ప్రభుత్వం రుణపత్రాలిచ్చింది, లక్షల ఎకరాల భూమినిచ్చింది. స్వయంశక్తి గురించి గర్వంగా చెప్పుకునే ఈ పడమటి దేశం మొదటి నుంచీ ప్రజాధనం మీద నిలబడిందన్నది కిటికీ పక్కన కూర్చున్న ప్రతివాడికీ కనిపించే విషయం. నెవాడా ఎడారి దాటాక, అర్ధరాత్రి గడిచాక సాల్ట్ లేక్ సిటీ వస్తుంది. జార్విస్ పెరిగిన మాగ్నా పట్టణం ఇక్కడికి పడమట ఉంది.

రెండో రోజు పగలంతా కొలరాడో నది పక్కన ఎర్రరాతి లోయల్లోంచి ప్రయాణం. సాయంత్రం రాకీ పర్వతాల కింద 10 కిలోమీటర్ల మోఫట్ సొరంగంలోకి రైలు దూరుతుంది. 1922లో రాష్ట్ర శాసనసభ ఏర్పరచిన ప్రత్యేక పన్ను జిల్లా బాండ్లు అమ్మి తవ్వించిన సొరంగం ఇది. 1928లో తెరిచారు. ఈ రోజు కొలరాడోలో అలాంటి బాండ్లు అమ్మాలంటే ముందు ఓటర్లను అడగాలి. ఆ నియమం పేరు పన్ను చెల్లింపుదార్ల హక్కుల పత్రం, క్లుప్తంగా టాబర్.

డెన్వర్‌లో శాసనసభ భవనం గుమ్మటానికి బంగారు రేకు తొడిగి ఉంటుంది. సముద్ర మట్టానికి సరిగ్గా ఒక మైలు ఎత్తున ఉన్న మెట్టు మీద జనం ఫొటోలు దిగుతుంటారు. లోపల కూర్చునే శాసనసభ్యులకు అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనంత గట్టి కట్టుబాటు ఉంది. దాన్ని రాసినవాడు డగ్లస్ బ్రూస్. లాస్ ఏంజెలెస్‌లో ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసి 1986లో కొలరాడో స్ప్రింగ్స్‌కు వలస వచ్చాడు. కాలిఫోర్నియా అనుభవాన్ని వెంట తెచ్చుకున్నాడు. 1988లో ఓడాడు, 1990లో కొద్ది తేడాతో ఓడాడు, 1992 నవంబరులో దాదాపు 54 శాతం ఓట్లతో గెలిచాడు. మొండి మనిషి, ఎవరితోనూ పొసగనివాడు. తర్వాత కాలంలో పన్ను ఎగవేత కేసులో శిక్ష పడింది. ఆయన నడవడి వల్ల ఉద్యమానికి చెడ్డపేరు వచ్చిన మాట నిజం. అయినా చట్టాన్ని రాసిన చేతిని బట్టి కాక, చట్టం చేసే పనిని బట్టి అంచనా వేయాలి.

టాబర్ చెప్పేది ముఖ్యంగా మూడు మాటలు. ఓటర్లు ఒప్పుకోనిదే రాష్ట్రమైనా, కౌంటీ అయినా, నగరమైనా, బడి జిల్లా అయినా పన్ను పెంచకూడదు, దీర్ఘకాలపు అప్పు చేయకూడదు. జనాభా, ధరల పెరుగుదలను మించి వచ్చిన రాబడిని ప్రజలకు తిరిగివ్వాలి. అట్టిపెట్టుకోవాలంటే దానికీ ఓటు అడగాలి. బ్యాలెట్ మీద పన్ను ప్రశ్న ఎలా మొదలవ్వాలో కూడా రాజ్యాంగమే నిర్దేశించింది. ఏడాదికి ఎన్ని డాలర్ల పన్ను పెరుగుతుందో ముందు చెప్పాలి, దేనికోసమన్నది ఆ తర్వాత. బడి కోసం, వంతెన కోసం అని తీయగా మొదలుపెట్టి అంకెను చివర దాచే వీలు లేకుండా చేశారు. ఎన్నికకు ముందు ప్రతి ప్రశ్నకూ అనుకూల, ప్రతికూల వాదనలు రెండూ అచ్చువేసి ఓటర్ల ఇళ్లకు పంపాలి. ఈ చివరి రెండు నిబంధనల గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు గాని, టాబర్‌లో అన్నిటికంటే విలువైనవి అవే.

లోపం 2001 మాంద్యంలో బయటపడింది. రాబడి పడిపోయిన ఏడాది అంకె మీదే మరుసటి ఏడాది హద్దును లెక్కగట్టాలి. దాంతో మంచి రోజులు తిరిగొచ్చినా రాష్ట్రం పాత స్థాయికి చేరలేకపోయింది, విశ్వవిద్యాలయాలు నలిగిపోయాయి. 2005లో రిపబ్లికన్ గవర్నర్ బిల్ ఓవెన్స్ సొంత పార్టీలో చాలామందిని ఎదిరించి ఐదేళ్ల వెసులుబాటు అడిగాడు. ఓటర్లు 52 శాతంతో ఒప్పుకుని, హద్దు కిందికి జారే పద్ధతిని తీసేశారు. 2010లో ఉద్యమంలోని అతివాదులు ఆస్తి పన్ను, ఆదాయపు పన్ను, ప్రభుత్వ అప్పు అన్నింటినీ కుదించే మూడు ప్రతిపాదనలు తెచ్చారు. మూడింటినీ మూడింట రెండు వంతులకు పైగా ఓటర్లు తిప్పికొట్టారు. మిగులును శాశ్వతంగా రాష్ట్రమే ఉంచుకోవడానికి అనుమతి అడిగితే 2019లో కాదన్నారు. 2022లో మిగులు భారీగా వచ్చినప్పుడు ఒక్కొక్క పన్ను చెల్లింపుదారుకు 750 డాలర్ల చెక్కు, భార్యాభర్తలు కలిసి లెక్క దాఖలు చేస్తే 1,500 డాలర్లు ఇంటికి వచ్చాయి. 2023లో ఆస్తి పన్ను తగ్గిస్తాం, బదులుగా మిగులులో ఎక్కువ భాగం మేం ఉంచుకుంటామన్న ప్రతిపాదననూ తోసిపుచ్చారు. ఈ తీర్పులన్నీ వరసగా చూస్తే ఓటరుకు లెక్క తెలియదన్న వాదన నిలబడదు.

డెన్వర్ నుంచి కొలరాడో స్ప్రింగ్స్‌కు ప్రయాణికుల రైలు లేదు. రాష్ట్ర రవాణా శాఖ నడిపే బస్టాంగ్ బస్సు దక్షిణంగా 110 కిలోమీటర్ల దూరం పర్వతాల వెంట తీసుకెళ్తుంది. కాసిల్ రాక్ దాటాక హైవేకు అదనపు వరుస వేశారు. బండిలో ఒంటరిగా దానిమీద వెళ్లాలంటే రుసుము కట్టాలి. 2018లో రోడ్ల కోసం ఓటర్ల ముందుకు వచ్చిన రెండు ప్రతిపాదనలూ ఓడాయి. పన్నుకు ఓటు కావాలి, రుసుముకు అక్కర్లేదు. అందుకే టాబర్ వచ్చాక ప్రభుత్వాలు రుసుముల దారి పట్టాయి. ఎవరినీ అడగకుండా వేసే రుసుము పన్నుకు మారుపేరేనన్న ఉద్యమకారుల ఫిర్యాదు న్యాయమైనది. 2020లో పెద్ద రుసుముల సంస్థలకు కూడా ఓటు తప్పనిసరి చేస్తూ ఓటర్లు తీర్పిచ్చారు.

కొలరాడో స్ప్రింగ్స్‌ను 1871లో జనరల్ విలియం జాక్సన్ పామర్ స్థాపించాడు. ఉద్యానాలకు స్థలాలు తనే దానమిచ్చాడు. ఎర్రరాతి శిఖరాల గార్డెన్ ఆఫ్ ది గాడ్స్, దాని వెనక 4,302 మీటర్ల పైక్స్ పీక్, దక్షిణాన ఫోర్ట్ కార్సన్ సైనిక స్థావరం, ఉత్తరాన వైమానిక దళ అకాడమీ. సైనిక పింఛనుదార్లు ఎక్కువగా ఉండే ఊరు. రాష్ట్రం కంటే ఏడాది ముందే, 1991లో, ఈ నగరం తన సొంత టాబర్‌ను తెచ్చుకుంది. నగర ఖజానాలో సగానికి పైగా అమ్మకపు పన్ను నుంచి వస్తుంది. 2008 ఆర్థిక సంక్షోభంలో అమ్మకాలు పడిపోగానే ఖజానా ఎండిపోయింది. 2009 నవంబరులో ఆస్తి పన్ను పెంచమని అడిగితే ఓటర్లు పెద్ద మెజారిటీతో వద్దన్నారు.

2010 ఆరంభంలో నగరం మూడింట ఒక వంతు వీధి దీపాలను ఆర్పేసింది. పార్కుల్లో చెత్తడబ్బాలు తీసేసి, ఎవరి చెత్త వాళ్లే ఇంటికి తీసుకెళ్లమని బోర్డులు పెట్టింది. పచ్చికకు నీళ్లు ఆపింది. పోలీసు హెలికాప్టర్లను అమ్మకానికి పెట్టింది. తమ వీధి దీపం వెలగాలనుకునేవాళ్లు సొమ్ము కట్టి వెలిగించుకోవచ్చంది. కట్టినవాళ్లు కట్టారు. ఆర్పేసిన దీపాల తీగల్లోని రాగిని దొంగలు ఊడపీక్కుపోవడంతో ఆదా అయిన సొమ్ములో కొంత అటు పోయింది. దేశమంతా ఈ ఊరి గురించి రాసింది, చాలామంది ఎగతాళి చేశారు.

ఎగతాళి చేసినవాళ్లు ఒక సంగతి గమనించలేదు. ఇంటి ముందు దీపానికి సొంతంగా చెల్లించినవాళ్లలో అంతకంటే తక్కువ పన్నుకు ఓటు వేయనివాళ్లూ ఉన్నారు. ఇది పిసినారితనం కాదు. దీపానికి ఇచ్చిన సొమ్ము దీపంగా కళ్ల ముందు వెలుగుతుంది. ఖజానాకు ఇచ్చిన సొమ్ము ఎటు వెళ్తుందో కనపడదు. పన్ను వ్యతిరేక ఉద్యమాలకు అడుగున ఉన్నది డబ్బు మీద ఆశ కాదు, నమ్మకం లేకపోవడం. అయితే దీన్ని పరిష్కారంగా చెప్పడానికీ వీల్లేదు. సొమ్ము ఉన్న వీధికే వెలుతురు వస్తే ఊరన్న మాటకు అర్థం ఉండదు. చీకటి వీధిలో రాత్రి పని ముగించుకుని నడిచి వచ్చే హోటల్ కార్మికురాలికి టాబర్ ఏ రక్షణా ఇవ్వలేదు.

ఐదేళ్ల తర్వాత అదే ఊరు ఇచ్చిన జవాబు ఈ యాత్రలో అన్నిటికంటే ముఖ్యమైనది. రోడ్లు గుంతలమయమయ్యాయి. 2015లో కొత్త మేయర్ జాన్ సథర్స్ అమ్మకపు పన్నును 0.62 శాతం పెంచమని ఓటర్లను అడిగాడు. సొమ్ము రోడ్లకు మాత్రమే, ఐదేళ్లకు మాత్రమే అన్నాడు. ఏటా వచ్చేది సుమారు 5 కోట్ల డాలర్లని చెప్పాడు. ఆరేళ్ల కిందట ఆస్తి పన్నును తిప్పికొట్టిన ఊరు దీన్ని పెద్ద మెజారిటీతో నెగ్గించింది. నగరం రోడ్లు వేసి చూపించింది. 2019లో గడువు దగ్గరపడగానే కొంచెం తగ్గించి, 0.57 శాతంతో పొడిగించమని మళ్లీ అడిగింది. ఓటర్లు మళ్లీ ఒప్పుకున్నారు. చివరికి అమెరికాలోకెల్లా పన్ను వ్యతిరేకతకు పేరుపడ్డ నగరం తన పన్నును తానే పెంచుకుంది. బ్రూస్ రాసిన నియమమే ఆ నగరాధికారులను వీధుల్లోకి వచ్చి లెక్క చెప్పేలా చేసింది. నియమాన్ని రాసినవాడు ఇది కోరుకోలేదు. ఖర్చు తగ్గించడంలో టాబర్ అంతంతమాత్రంగానే పనిచేసింది, లెక్క చెప్పించడంలో మాత్రం బాగా పనిచేసింది.

కాలిఫోర్నియా హద్దు, కొలరాడో హద్దు ఒకటే ఉద్యమం నుంచి వచ్చినా రెండూ ఒకటి కావు. కాలిఫోర్నియా పాత యజమానికి శాశ్వత రక్షణనిచ్చి కొత్తవాడి మీద భారం వేసింది, ఊరి చేతిలోని నిర్ణయాన్ని రాజధానికి పంపింది. కొలరాడో ప్రతిసారీ అందరినీ అడుగుతుంది, ఊరి నిర్ణయాన్ని ఊరి చేతిలోనే ఉంచింది. అక్కడి బడి జిల్లాలు, పట్టణాలు చాలామటుకు ఓటర్లను ఒప్పించి మిగులును తమ దగ్గరే ఉంచుకుంటున్నాయి. పరిమిత ప్రభుత్వం కోరేవాళ్లు ఆదర్శంగా తీసుకోవలసింది కొలరాడో పద్ధతినే. మాంద్యపు ఏడాదికి తగిన వెసులుబాటును మొదటే రాసుకుని ఉంటే అది ఇంకా మెరుగ్గా ఉండేది.

డెన్వర్ దక్షిణ శివార్లలో, హైలాండ్స్ రాంచ్, పార్కర్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. పౌరసత్వం తీసుకుని ఓటరుగా నమోదైన ప్రతి ఒక్కరి ఇంటికీ ఎన్నికకు ముందు నీలం అట్టతో ఒక పుస్తకం వస్తుంది. బ్యాలెట్‌లోని రాష్ట్ర ప్రశ్నలన్నీ, వాటికి రెండు వైపుల వాదనలు, ఖర్చు లెక్కలు అందులో ఉంటాయి. బ్యాలెట్ పొడవు చూసి విసిగిపోయి అధ్యక్షుడికీ గవర్నర్‌కూ ఓటు వేసి, చివరన ఉన్న బడి బాండ్లు, రోడ్డు పన్ను ప్రశ్నలను ఖాళీగా వదిలేసేవాళ్లు అన్ని సమాజాల్లోనూ ఉంటారు. జీతంలోంచి, ఇంటి పన్ను రూపంలో పోయే సొమ్మును తేల్చేది ఆ చివరి ప్రశ్నలే. ఔననండి, కాదనండి. ఖాళీగా మాత్రం వదలకండి.